జోకు మీది, దెబ్బ ఎవరికి?

ప్రశ్న: నా వయసు 27. ఊరు ఖమ్మం. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం చేస్తున్నాను. రెండేళ్లుగా శని, ఆదివారాల్లో కేఫ్‌లలో తెలుగు స్టాండప్ ఓపెన్ మైక్‌లు (ఎవరైనా మైకు పట్టుకుని కాసేపు జోకులు చెప్పే షోలు) చేస్తున్నాను. నాకు తట్టేవన్నీ రాజకీయాల జోకులే. మొన్న పెట్టిన రీల్ ఒకటి బాగా తిరిగింది. దాని కింద బూతులు, బెదిరింపులు కూడా వచ్చాయి. ఆ తర్వాత నేను ఎప్పుడూ చేసే కేఫ్ ఓనర్ "ఇక్కడ పాలిటిక్స్ వద్దమ్మా" అన్నారు. నాన్న ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యారు. "వాళ్ల గొడవ నీకెందుకు, ఉద్యోగం చేసుకో" అంటారు. ఇంతలో ఒక పార్టీ సోషల్ మీడియా చూసుకునే ఆయన ఫోన్ చేసి, అవతలి పార్టీ మీద వారానికి రెండు వీడియోలు చేస్తే నెలనెలా డబ్బు ఇస్తామన్నారు. అది నా జీతంలో సగానికి పైనే ఉంది. ఉద్యోగం మానేసి ఇందులోకి దిగాలా? ఆ డబ్బు తీసుకోవచ్చా? నాన్నకు ఎలా చెప్పాలి?
– ఎస్., హైదరాబాద్

సమాధానం:

అమ్మా, మీరు మూడు ప్రశ్నలు అడిగారు. కేఫ్ ఓనర్ సంగతి మాత్రం ఒక్క మాటలో చెప్పి ముందుకు వెళ్లిపోయారు. నన్ను ఆపింది ఆ మాటే. రాజకీయ స్టాండప్ చేసినవాళ్ల జీవితాలు చూస్తే, మొదటి దెబ్బ చాలాసార్లు జోకు వేసినవాళ్లకు తగల్లేదు. పక్కనున్నవాళ్లకు తగిలింది. మీరు ఏ నిర్ణయం తీసుకున్నా ఇది తెలిసి తీసుకోవాలి.

2025 మార్చిలో స్టాండప్ కమెడియన్ కునాల్ కామ్రా ఒక షో వీడియో విడుదల చేశారు. అందులో మహారాష్ట్ర ఉప ముఖ్యమంత్రి ఏక్‌నాథ్ షిండే మీద, పేరు చెప్పకుండా కట్టిన ఒక పేరడీ పాట ఉంది. షిండే పార్టీ కార్యకర్తలు ముంబై ఖార్ ప్రాంతంలోని హాబిటాట్ స్టూడియో మీద పడి కుర్చీలు, సామాన్లు ధ్వంసం చేశారు. అప్పుడు కామ్రా అక్కడ లేనేలేరు. షో అంతకు ముందే రికార్డయింది. మర్నాడు మున్సిపల్ కార్పొరేషన్ వాళ్లు వచ్చి, అక్రమ కట్టడం అంటూ ఆ వేదికలో కొంత భాగం పగలగొట్టారు. కామ్రాకు కోర్టులో అరెస్టు నుంచి రక్షణ దొరికింది. ఎంతోమంది కొత్తవాళ్లకు మైకు ఇచ్చిన ఆ వేదిక మాత్రం మూసేస్తున్నట్టు ప్రకటించింది. అదే చోట 2020 జూలైలో కూడా దాడి జరిగింది. అప్పుడు కారణం అగ్రిమా జాషువా అనే కమెడియన్ శివాజీ విగ్రహం ప్రాజెక్టు గురించి చేసిన పాత వీడియో.

ఇండోర్ సంగతి ఇంకా బాధాకరం. 2021 జనవరి 1న కమెడియన్ మునవర్ ఫారూఖీ షోను కొందరు అడ్డుకున్నారు. పోలీసులు ఆయన్ను అరెస్టు చేశారు. హైకోర్టు బెయిల్ ఇవ్వలేదు. ఫిబ్రవరి 5న సుప్రీంకోర్టు మధ్యంతర బెయిల్ ఇచ్చేదాకా ఆయన జైల్లోనే ఉన్నారు. ఆయన పేరు దేశమంతా తెలిసింది, ఆ తర్వాత రియాలిటీ షోలు కూడా గెలిచారు. అయితే ఆ రాత్రి ఆయనతో పాటు షో పెట్టినవాళ్లు, ముందు ఐదు నిమిషాలు చేయడానికి వచ్చిన స్థానిక కుర్రాడు కూడా అరెస్టయ్యారు. ఆ కుర్రాడు మునవర్ కంటే ఎక్కువ రోజులు లోపల ఉన్నాడు. అతని కోసం దేశం మాట్లాడలేదు. ఇవాళ హైదరాబాద్ కేఫ్‌లలో మీ స్థానం మునవర్‌ది కాదు, ఆ కుర్రాడిది. ఇది మిమ్మల్ని భయపెట్టడానికి రాయడం లేదు. మీ జాగ్రత్తలు అతని పరిస్థితిని చూసి తీసుకోవాలి, పేరున్నవాళ్ల ధైర్యాన్ని చూసి కాదు.

"మన హైదరాబాద్ అలా కాదు" అని మీరు అనొచ్చు. 2021 డిసెంబరులో అప్పటి మంత్రి కేటీఆర్, బెంగళూరులో షోలు రద్దయిన మునవర్‌ను, కామ్రాను ఇక్కడికి రమ్మని బహిరంగంగా పిలిచారు. 2022 ఆగస్టు 20న మాదాపూర్ శిల్పకళావేదికలో మునవర్ షో జరిగింది. గట్టి పోలీసు బందోబస్తు పెట్టారు. అడ్డుకుంటానన్న ఎమ్మెల్యే రాజా సింగ్‌ను ముందురోజే అదుపులోకి తీసుకున్నారు. షో సాఫీగా సాగింది. రెండు రోజులకు రాజా సింగ్ విడుదల చేసిన వీడియోతో నగరంలో నిరసనలు, అరెస్టులు మొదలయ్యాయి. ఒక హాస్య ప్రదర్శన చుట్టూ ఇంత రాజకీయం నడిచింది. ఆ రోజు ఆ షోకి రక్షణ దొరకడం మంచిదే. కానీ మంత్రి పిలుపుతో వచ్చే రక్షణ మంత్రి మారితే మారిపోతుంది. కొండాపూర్‌లో శనివారం రాత్రి నలభై మంది కూర్చునే కేఫ్‌కి ఎవరూ బందోబస్తు పంపరు.

అందుకే ఆ ఓనర్ మీద కోపం పెట్టుకోకండి. ఆయనకు ట్రేడ్ లైసెన్సు ఉంది, ఫుడ్ లైసెన్సు ఉంది, ఫైర్ పర్మిషన్ ఉంది. వాటిలో దేని మీదైనా ఎవరైనా ఒక ఫిర్యాదు రాస్తే చాలు. వెళ్లి ఆయనతో కూర్చుని మాట్లాడండి. ఆయన చోట రాజకీయాలు చేయనని మాటివ్వండి, ఆ మాట నిలబెట్టుకోండి. రాజకీయ జోకులకు విడిగా మీ పేరుతోనే హాలు తీసుకుని టిక్కెట్టు షో పెట్టండి. పోస్టర్ మీదే "రాజకీయ హాస్యం" అని రాయండి. హాలు ఇచ్చేవాళ్లకు ముందే చెప్పండి. మీ ముందు చేసే కొత్త పిల్లలకూ చెప్పండి, ఇష్టమున్నవాళ్లే వస్తారు. ఇంకొకటి, చాలామంది పట్టించుకోనిది. క్లిప్ పెట్టేటప్పుడు వెనక గోడ మీద కేఫ్ పేరు కనబడనివ్వకండి, లొకేషన్ ట్యాగ్ చేయకండి. రాజకీయ జోకులు రికార్డు చేయాలంటే మామూలు నల్ల తెర ముందు చేయండి. వీడియో బాగా తిరిగాక జనం వెతికేది ముందు అడ్రసునే.

ఇక ఉద్యోగం. ఇప్పుడు మానకండి. ఈ దారిలో పేరు తెచ్చుకున్నవాళ్లు చాలామంది చాలాకాలం వేరే పని మీద బతికారు. అమెరికాలో డిక్ గ్రెగరీ పగలు పోస్టాఫీసులో ఉత్తరాలు సర్దేవారు, రాత్రి నల్లవాళ్ల క్లబ్బుల్లో జోకులు చెప్పేవారు. 1961 జనవరిలో షికాగో ప్లేబాయ్ క్లబ్‌లో తెల్ల వ్యాపారుల ముందు నిలబడే అవకాశం వచ్చేసరికి ఆయన చేయి తిరిగిపోయింది. ఈజిప్టులో బాసెం యూసెఫ్ గుండె ఆపరేషన్ల డాక్టరు. 2011లో ఇంట్లోనే చిన్న వీడియోలు తీసి యూట్యూబ్‌లో పెట్టడంతో ఆయన ప్రయాణం మొదలైంది. బర్మాలో సైనిక ప్రభుత్వాన్ని ఎగతాళి చేసి ఏళ్ల తరబడి జైలు పాలైన జర్గనార్ చదివింది దంతవైద్యం. కామ్రా కూడా స్టాండప్‌కి రాకముందు చాలా ఏళ్లు యాడ్ ఫిల్ములు తీసే సంస్థలో పని చేశారు. జీతం వస్తున్నంత కాలం మీకు నచ్చని షోకి "రాను" అనగలరు. అది ఆగిన నెల నుంచి ఆ మాట అనడం కష్టమవుతుంది.

డబ్బు లెక్క కూడా తెలుసుకోండి. ఓపెన్ మైక్‌లో ఏమీ రాదు. చిన్న టిక్కెట్టు షోలో హాలు అద్దె, టిక్కెట్లు అమ్మే యాప్ కమీషన్, సౌండు, హోస్టు ఖర్చులు పోగా మిగిలేది కొంచెమే. ఇండియాలో చాలామంది కమెడియన్లకు ఇల్లు గడిపేవి కార్పొరేట్ షోలు. అక్కడ రాజకీయాలు, మతం వద్దని ముందే చెప్పేస్తారు. విదేశాల్లోని తెలుగు సంఘాల సభలకూ పిల్లాపాపలతో వస్తారు. అక్కడి జనంలోనూ పార్టీలు ఉంటాయి, కాబట్టి నిర్వాహకులు గొడవలేని హాస్యమే కోరుకుంటారు. అంటే రాజకీయ కమెడియన్ కావాలనుకుంటే అన్నిటికంటే పెద్ద ఆదాయం లేదనుకునే లెక్క వేసుకోవాలి. టిక్కెట్టు షోల డబ్బుతోనే ఏడాది పాటు మీ అద్దె, మీరు ఇంటికి పంపేది రెండూ గడిస్తే, అప్పుడు రాజీనామా గురించి ఆలోచించండి. ఈలోగా రాజకీయం లేని ఇరవై నిమిషాల సెట్ ఒకటి తయారుగా పెట్టుకోండి. హాస్టల్, ఆఫీసు, పెళ్లిచూపులు, ఏదైనా సరే. దానితో వచ్చే డబ్బు మీ అసలు పనిని మోస్తుంది. మీ అపాయింట్‌మెంట్ లెటర్ కూడా ఒకసారి తీసి చదవండి. బయట డబ్బు వచ్చే పని చేయకూడదనే షరతు చాలా కంపెనీల్లో ఉంటుంది. ఉంటే హెచ్ఆర్ దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. మీ మీద కోపమున్నవాళ్లు రేపు ముందు మెయిల్ పెట్టేది మీ కంపెనీకే.

పార్టీ డబ్బు సంగతికి వస్తే, తీసుకోకండి. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు.

మన రెండు రాష్ట్రాల్లో యూట్యూబ్ రాజకీయం ఎలా నడుస్తోందో మీరూ చూస్తున్నారు. ఎవరు ఏ పార్టీ మనిషో జనం రెండు వీడియోల్లో పసిగట్టేస్తారు. ఒకసారి ఆ ముద్ర పడితే మీరు నిజాయితీగా వేసిన జోకు కూడా పైసలిస్తే వేసిందే అవుతుంది. ఆ పార్టీ అధికారంలోకి వస్తే మీరు నోరెత్తలేరు. ఓడిపోతే నెలనెలా వచ్చేది ఆగిపోతుంది, కేసులు మాత్రం మీ పేరు మీద మిగులుతాయి. "వాళ్లు చెప్పేది నేను ఎలాగూ నమ్మేదే కదా" అని మీకు అనిపించవచ్చు. నమ్మితే డబ్బు తీసుకోకుండా చెప్పండి, దానికి విలువ ఉంటుంది.

మీకు రాజకీయాల్లోకే వెళ్లాలని ఉంటే కండువా కప్పుకుని నేరుగా వెళ్లండి. అందులో తప్పేమీ లేదు. భగవంత్ మాన్ టీవీ కామెడీ షోలు చేశారు, తర్వాత బహిరంగంగా పార్టీలో చేరారు, 2014లో సంగ్రూర్ ఎంపీ అయ్యారు, 2022లో పంజాబ్ ముఖ్యమంత్రి అయ్యారు. ఇటలీలో కమెడియన్ బెప్పె గ్రిల్లో 1986లో అక్కడి ప్రధాని పార్టీవాళ్లను దొంగలన్నట్టు ఒక జోకు వేశారు. ప్రభుత్వ టీవీ ఆయనకు తలుపులు మూసేసింది. ఆయన థియేటర్లలో, వీధుల్లో చెప్పుకుంటూ వచ్చి 2009లో సొంతంగా ఫైవ్ స్టార్ ఉద్యమం అనే పార్టీ మొదలుపెట్టారు. ఆ ప్రధాని చివరికి అవినీతి కేసుల్లో ఇరుక్కుని దేశం వదిలి వెళ్లారు, తర్వాత దోషిగా తేలారు. వీళ్ల రాజకీయాలు మనకు నచ్చొచ్చు, నచ్చకపోవచ్చు. ఏ పార్టీతో ఉన్నారో ప్రజలకు తెలుసు. దాచిపెట్టి చేసే పనికి ఆ గౌరవం ఉండదు.

చట్టం గురించి మీరు అడగలేదు, కానీ తెలిసి ఉండాలి. ఇలాంటి జోకుల మీద సాధారణంగా పెట్టే కేసులు భారతీయ న్యాయ సంహితలో 196, 299, 353, 356 సెక్షన్ల కిందివి. వర్గాల మధ్య ద్వేషం రేపడం, మత విశ్వాసాలను అవమానించడం, జనాన్ని రెచ్చగొట్టే మాటలు, పరువు నష్టం. ఇవి మామూలుగా ఏడేళ్ల లోపు శిక్ష పడేవి కాబట్టి, అరెస్టు అవసరం లేదనుకుంటే పోలీసులు ముందు నోటీసు ఇచ్చి పిలవాలి. నోటీసు వస్తే దాక్కోకండి, ఒంటరిగా వెళ్లకండి, లాయర్‌తో వెళ్లండి. 2025 మార్చి 28న ఎంపీ ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ మీద ఒక పద్యం విషయంలో పెట్టిన కేసులో సుప్రీంకోర్టు ఒక మంచి మాట చెప్పింది. గణతంత్రం వచ్చి 75 ఏళ్లయ్యాక కూడా ఒక పద్యానికో స్టాండప్ కామెడీకో సమాజంలో ద్వేషం పుడుతుందనుకునేంత బలహీనంగా మనం ఉండకూడదన్నది ఆ తీర్పు సారం. మూడు నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే ఇలాంటి మాటల కేసుల్లో ఎఫ్ఐఆర్‌కు ముందే ప్రాథమిక విచారణ జరపడం సరైనదని కూడా చెప్పింది. ఈ తీర్పు కాపీ ఫోన్‌లో పెట్టుకోండి. అది మీ లాయర్‌కు పనికొస్తుంది, రాత్రి పదింటికి కేఫ్ ముందుకు వచ్చిన గుంపును మాత్రం ఆపలేదు. ప్రతి షో మొదటి నుంచి చివరి దాకా రికార్డు చేసి దాచుకోండి. ముక్కలు కోసిన క్లిప్ మీద గొడవ వస్తే మీ దగ్గర పూర్తి వీడియో ఉండాలి.

ఆడపిల్ల కమెడియన్‌కు వచ్చే బెదిరింపులు వేరే రకంగా ఉంటాయని మీకు నేను చెప్పక్కర్లేదు. అగ్రిమా విషయంలో అత్యాచారం చేస్తానని వీడియో పెట్టిన వ్యక్తిని వడోదర పోలీసులు అరెస్టు చేశారు. మీకు వచ్చిన వాటిలో అలాంటివి ఉంటే డిలీట్ చేయకండి. స్క్రీన్‌షాట్, లింకు, తేదీతో సహా దాచి, పోలీసుల షీ టీమ్స్‌కో సైబర్ క్రైమ్ పోర్టల్‌లోనో ఫిర్యాదు చేయండి. మామూలు బూతులను మాత్రం చదవకుండా వదిలేయండి.

ఇప్పుడు నాన్నగారి విషయం. దీనికే నేను ఎక్కువ చెప్పాలనుకుంటున్నాను, ఎందుకంటే మీ పనికి కావలసిన సరుకు ఆయన దగ్గరే ఉంది.

మీ రీల్ ఏమిటో మీరు రాయలేదు. ఓపెన్ మైక్‌లలో నేను వినే రాజకీయ జోకుల్లో ఎక్కువ భాగం టీవీ డిబేట్ నుంచో ట్రోల్ పేజీల నుంచో వచ్చినవి. ఒక నాయకుడి గొంతు, ఇంకొకరి నడక, మరొకరి కొడుకు. ఆ పార్టీ ఇష్టం లేనివాళ్లు చప్పట్లు కొడతారు. చప్పట్లు నవ్వు ఒకటే అనుకోవడం ఈ పనిలో పెద్ద ప్రమాదం. అమెరికాలో మార్ట్ సాల్ 1950లలో చేతిలో న్యూస్‌పేపర్ పట్టుకుని ఏ పార్టీనీ వదలకుండా నవ్వించేవారు. అధ్యక్షుడు కెనెడీ హత్య తర్వాత ఆయనకు ఆ కేసే లోకమైపోయింది. స్టేజీ మీద విచారణ కమిషన్ నివేదిక తీసి చదివి వినిపించడం మొదలుపెట్టారు. షోలు పడిపోయాయి. ఆయన కోపం నిజమైనదే, కానీ అందులో జోకు లేకుండా పోయింది. మన బుర్రకథలో ఈ రెండు పనులకు ఇద్దరు మనుషులుండేవారు. కథకుడి పక్కన ఒక వంత రాజకీయం చెబితే, రెండో వంత హాస్యం పండించేవాడు. అలా చెప్పిన కథలకే అటు బ్రిటిష్ ప్రభుత్వం, ఇటు నిజాం ప్రభుత్వం భయపడి నిషేధాలు పెట్టాయి. స్టాండప్‌లో ఆ రెండు వంతలూ మీరొక్కరే. రాజకీయం వంత గొంతు పెద్దదైనప్పుడల్లా రెండో వంత ఎక్కడున్నాడో చూసుకోండి.

మీ నాన్నగారికి రాజకీయం టీవీలో కనపడలేదు, బస్సులో కనపడింది. 2019 అక్టోబరు 5 నుంచి 52 రోజులు ఆర్టీసీ కార్మికులు సమ్మె చేశారు. దాదాపు 48 వేల మంది. సమ్మెలో ఉన్నవాళ్లు తమ ఉద్యోగాలను తామే పోగొట్టుకున్నారని, 'సెల్ఫ్ డిస్మిస్' అని అప్పటి ముఖ్యమంత్రి అన్నారు. జీతాలు ఆగాయి. ప్రాణాలు తీసుకున్న కార్మికులున్నారు. ఆయన అప్పటికి ఉద్యోగంలో ఉన్నా, రిటైరయి ఉన్నా, ఆ రోజులు ఆయన ఇంట్లోనో పక్కింట్లోనో గడిచినవే. "వాళ్ల గొడవ నీకెందుకు" అనే మాట ఆయన పిరికితనం నుంచి రాలేదు. ప్రభుత్వం తలచుకుంటే ఒక మనిషి జీతాన్ని ఒక్క మాటతో ఎలా ఆపగలదో చూసినవాళ్ల నోటి నుంచి వచ్చింది. ఆ భయాన్ని పోగొట్టాలని చూడకండి. అందులో ఉన్న సంగతులు అడగండి.

2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు ఉచిత బస్సు వచ్చింది. కండక్టర్ ప్రతి ఒక్కరి గుర్తింపు కార్డు చూసి జీరో టికెట్ కొట్టాలి. డబ్బులు లేని టికెట్టుకు చెమటలు పట్టేంత పని. ఆ పథకం వల్ల పనికి, కాలేజీకి వెళ్లగలిగిన ఆడవాళ్లున్నారు. ఆ రద్దీలో నిలబడి నలిగిన కండక్టర్లూ ఉన్నారు. ఈ రెండూ ఒకే బస్సులో ఉన్నాయి. టీవీ డిబేట్‌లో ఎవరో ఒకరి పక్షం తీసుకోవాలి, స్టాండప్‌లో ఆ అవసరం లేదు. బస్సు లోపలి నుంచి చెప్పగలిగేవాళ్లు తెలుగు స్టాండప్‌లో ఎంతమంది ఉన్నారు? ఆయన పాత స్నేహితులు, ఇంకా డ్యూటీలో ఉన్నవాళ్లు మీకు గంటల కొద్దీ చెబుతారు. వినేటప్పుడు ఒక్క జాగ్రత్త తీసుకోండి. నవ్వు ఆర్డరు జారీ చేసినవాళ్ల మీద పడాలి, అది మోసినవాళ్ల మీద కాదు. ఆ సమ్మెలో పోయినవాళ్ల ఇళ్ల సంగతి జోకుల్లోకి తేకండి.

ఆయన చెప్పిన దాంతో ఏదైనా రాస్తే, స్టేజీ ఎక్కకముందు ఆయనకు చదివి వినిపించండి. ఆయన పెన్షన్‌కో, స్నేహితుడి డ్యూటీకో ఇబ్బంది తెచ్చే వివరం ఉందంటే తీసేయండి, వాదించకండి. ఎక్కడైనా ఆయన నవ్వితే ఆ చోటు గుర్తు పెట్టుకోండి. "ఉద్యోగం మానడం లేదు, పార్టీ డబ్బు తీసుకోవడం లేదు, ఓనర్‌ను ఇబ్బంది పెట్టడం లేదు" అని ఈ మూడూ ఆయనకు స్పష్టంగా చెప్పండి. ఆయన అడిగేవి కూడా దాదాపు ఇవే.

ఫోన్ చేసిన ఆ పార్టీ మనిషికి మాత్రం ఆలస్యం చేయకుండా, నోటి మాటగా కాకుండా, మెసేజ్‌లో రాసి "వద్దండి" అని పంపండి. మీరు డబ్బు తీసుకున్నారని రేపు ఎవరైనా ప్రచారం చేస్తే, చూపించడానికి ఆ మెసేజ్ తేదీతో సహా మీ ఫోన్‌లో ఉంటుంది.